బొమ్మకారూ నాలుగు నిమ్మకాయలూ

పాడి ఆవు ధర పెట్టి బొమ్మకారు కొన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ మనిషి మా అక్క కొడుకే అయ్యాడు. ఆ సంగతి చెప్పేముందు మా మరిది గంగప్ప సంగతి చెప్పాలి. అతని చేతుల వల్లే ఆ కారు మా ఇంటి విషయమైంది.

మదనపల్లె బస్టాండు వెనక సందులో నాకొక చిన్న అంగడి ఉంది. మా ఆయన లక్ష్మయ్య పోయాక పెట్టుకున్నాను. గాజులు, రిబ్బన్లు, జడపిన్నులు, బొమ్మలు. ఇది జరిగిన 2004లో బొమ్మల్లో ఎక్కువగా పోయేవి రిమోటు కార్లే. చైనా సరుకు మద్రాసుకు వచ్చి, అక్కడి నుంచి నాకు వచ్చేది. అన్నీ ఒకే అచ్చు. ఎరుపు, నీలం, పసుపు, రంగులే తేడా. ఇద్దరు పిల్లలు ఒకేసారి నడిపి చూస్తే ఒక రిమోటుకు రెండు కార్లూ పరిగెత్తేవి. పిల్లలు పడి పడి నవ్వేవాళ్లు.

"ఈ రెండిటికీ పెండ్లి జేసినట్టుండావే శారదమ్మా" అనేవాడు పక్క టీకొట్టాయన. నేనూ నవ్వేదాన్ని. అది నవ్వి వదిలేసే విషయం కాదని అప్పటికి నాకు తెలియదు.

గంగప్ప లారీ డ్రైవరు. బండి పుంగనూరు మునిస్వామిది. మదనపల్లె మార్కెట్లో టమోటా ఎత్తుకుని మద్రాసుకు తోలేవాడు. గాజుల పెట్టె దించేటప్పుడు నా చేతులు ఎంత నెమ్మదిగా కదులుతాయో, స్టీరింగు మీద అతని చేతులు అంత నెమ్మదిగా కదిలేవి. ముందు సీట్లో కూర్చుంటే బండి మలుపు తిరిగిందని బయటికి చూస్తే తప్ప తెలిసేది కాదు.

ఆ వేసవిలో మొగిలి ఘాటు దిగుతుండగా బ్రేకు పట్టలేదు. ఎదురుగా ఒక స్కూటరు వచ్చింది. దాని మీద మొగుడూ పెళ్లాం, ఆమె ఒళ్లో బిడ్డ. గంగప్ప బండి కొండ వైపు తిరిగి, ఒరిగి పడింది. రోడ్డంతా టమోటా. స్కూటరు మీది వాళ్లకు గీత కూడా పడలేదు. గంగప్పకు నుదుటి మీద కొంచెం చర్మం లేచింది, అంతే. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కేసు రాసుకున్న పోలీసాయన కూడా అతని భుజం తట్టాడట.

అతను మాత్రం మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు.

"లారీకీ స్కూటరుకీ నడాన జానెడు సందు వదినా. ఆ యమ్మ మొగం సూసినా. బండిని నేను తిప్పినానా, దాని పాటికది తిరిగిందా? నాకు తెలీలేదు. ఇప్పుటికీ తెలీదు" అన్నాడు ఒకసారి. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

అతని పెళ్లాం కౌసల్య పొద్దున్నే మార్కెట్లో టమోటా ఏరే పనికి పోతూ అతన్ని నా అంగట్లో కూర్చోబెట్టి పోయేది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చునేవాడు. ఆ చేతులు ఒళ్లో నుంచి లేచేవే కావు. టీ ఇస్తే తాగేవాడు, మళ్లీ అక్కడే పెట్టుకునేవాడు.

ఒక మధ్యాహ్నం బేరాలు లేవు. ఎవరో చూసి వదిలేసిన ఎర్రకారు బల్ల మీద ఉంది. నేను రిబ్బన్లు చుట్టుకుంటూ తలెత్తి చూస్తే గంగప్ప రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. నా చేతిలో రిబ్బను అలాగే ఆగిపోయింది. అతను కారును నేల మీద పెట్టి, మీట ముందుకు తోశాడు. కారు ఒక్క దూకు దూకింది. కుడికి తిప్పాడు. అది కుడికి ఒరిగిపోయి గాజుల స్టాండును కొట్టింది. మళ్లీ పెట్టి, ఈసారి రవ్వంత ఎడమకని తోశాడు. అది పూర్తిగా ఎడమకు తిరిగి గడప దాటి కాలువలో పడింది. తీసి తుడిచి ఇంకోసారి చూశాడు. మళ్లీ గోడే.

రిమోటు బల్ల మీద పెట్టేసి చేతులు ఒళ్లోకి తెచ్చుకున్నాడు.

"సూసినావా వదినా? అరచెయ్యంత బండి, ఇది గూడా నా మాట ఇనలా. ఆ పొద్దు తిప్పింది నేను గాదు."

ఆ మాట అతను నిమ్మళంగా అన్నాడు. ఇన్ని నెలలుగా పోలీసులు, డాక్టరు, మునిస్వామి, కౌసల్య చెప్పి తేల్చలేని విషయాన్ని ఒక ప్లాస్టిక్కు బొమ్మ తేల్చేసింది.

ఆ వారమే మునిస్వామి వచ్చాడు. ఆయుధపూజ దగ్గరపడింది. మునిస్వామి ఇంట్లో వాళ్ల నాయన కాలం నుంచీ ఒక కట్టడి ఉంది. పూజ అయ్యాక చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి బండిని వాటి మీద తొక్కిస్తారు గదా, ఆ రోజు ఎవరు తొక్కిస్తే ఏడాదంతా బండి వాళ్లదే. అవసరానికి ఒక ట్రిప్పు ఇంకొకరు తోలినా, మధ్యలో డ్రైవరును మార్చరు. మారిస్తే బండికి మంచిది కాదని వాళ్ల నమ్మకం.

"గంగప్పా, నీ కోసరమని, బండి బాగుసేయించినప్పుటి నుంచీ నీ బదులు గిరిబాబును ఎక్కిస్తా దించతా ఇన్నాళ్లు ఈడ్సినా. ఇంగ నా సేత గాదు. పూజకు నువ్వు వస్తాండావా, లేదా? వచ్చి తొక్కిస్తివా, బండి నీది. లేకుంటే గిరిబాబుది. ఆనేక నువ్వొచ్చి నా కాళ్లు పట్టుకున్నా నేను మార్సలేను."

"వాన్నే తొక్కియ్యమనన్నా" అన్నాడు గంగప్ప, నేల చూస్తూ.

మునిస్వామి నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. ఆ బండి కొన్ననాటి నుంచీ గంగప్ప తప్ప ఎవరూ దాన్ని నిమ్మకాయల మీద నడపలేదు. బండి ఇంకొకరి చేతిలోకి పోతే ఈ మనిషి ఇంక స్టూలు మీద నుంచి లేవడని మా ఇద్దరికీ తెలుసు.

సాయికుమార్ అప్పుడే వచ్చాడు. మా అక్క కొడుకు. కుప్పంలో ఉంటాడు, రోజూ పొద్దున రైలెక్కి బెంగళూరులో ఉద్యోగానికి పోయి సాయంత్రానికి వస్తాడు. ఏదో పెళ్లికార్డు ఇవ్వడానికి మదనపల్లె వచ్చినవాడు, గంగప్ప కథ విని, బల్ల మీది ఎర్రకారును తీసుకుని తిరగేశాడు. అటూ ఇటూ చూసి ఫక్కున నవ్వాడు.

"సిన్నమ్మా, నువ్వు అమ్మతా ఉండేది కారు గాదే. స్విచ్చి."

"ఏంరా, నా సరుకును అట్లంటావు?"

"దీనికి రెండే తెలుసు. పూర్తిగా, లేదంటే అస్సలు లేదు. రవ్వంత కుడికి పో అంటే దానికి అర్థం గాదు. కుడి అంటే గోడలోకి కుడే. సిన్నాయనా, నీ లారీ స్టీరింగు ఇట్లే ఉంటే నువ్వు మద్రాసుకు పొయ్యేవాడివా? పలమనేరు గూడా దాటవు."

గంగప్ప తలెత్తలేదు. కానీ విన్నాడు. అతని బొటనవేలు ఒళ్లో కదలడం నేను చూశాను.

"పిల్లోళ్లు పగలగొట్టినా ఎవురూ ఏడవరు. నా కార్లకు అదే మంచిది" అన్నాను నేను.

"అది నిజమే. పిల్లోళ్లకు ఇదే కొనియ్యి. ఊరికే బుర్రున పోతే వాళ్లకు సాలు. తోలడం నేర్సుకోవాలనుకునేవాడికి మాత్రం ఇది పనికిరాదు. వాడికి సెయ్యి రాదనిపిస్తుంది, తప్పు బొమ్మదైనా. ఆదివారం ఇద్దురూ కుప్పం రండి, నా కారు సూపిస్తా."

ఆదివారం బస్సెక్కి కుప్పం పోయాం. గంగప్ప రానన్నాడు. కౌసల్య కొట్టినంత పని చేసి పంపింది.

సాయికుమార్ ఒక పెట్టెలో నుంచి కారు తీశాడు. మూరెడు పొడుగు. టైర్లకు ట్రాక్టరు టైర్ల మాదిరి గుబ్బలు, చక్రం చక్రానికీ ఒక స్ప్రింగు. ముందు రెండు చిన్న దీపాలు అతనే బిగించుకున్నాడట. రిమోటు మా బొమ్మలది లాంటిది కాదు. తుపాకీ పిడిలా ఉంది, వేలితో లాగే మీట, పక్కన చిన్న స్టీరింగు చక్రం. చాలా బాగుందని, ఎంతరా అని అడిగాను. వాడు చెప్పాడు.

నేను అరుగు మీద కూర్చుండిపోయాను.

"ఏమిరా, పాడి ఆవొస్తుంది గదరా దానికి!"

"అదీ సెప్పు శారదా, నువ్వన్నా సెప్పు" అంది మా అక్క లోపలి నుంచి. "రామకుప్పం తట్టు ఏనుగులొచ్చి రాగిచేను తొక్కిన పొద్దు గూడా నేనంత ఏడవలేదు. వీడు దీన్ని తెచ్చిన పొద్దు ఏడ్సినా. అదిగాక, తెచ్చి ఇన్ని నెలలైంది, ఒక పూజన్నా చేసినాడా? కొత్త బండికి పూజ చెయ్యకుండా తోలతాడా ఎవుడైనా?"

"అమ్మా, బండి గాదది."

"ఆ ధరకు అది బండే!"

వాడు నవ్వి, స్క్రూడ్రైవరు తీసుకుని ఆ కారును మా కళ్ల ముందే ఊడదీయడం మొదలుపెట్టాడు. పై డొప్ప తీశాడు, చక్రం ఊడదీశాడు, లోపలి కడ్డీ ఒకటి లాగి నా చేతిలో పెట్టాడు. "ఇది ఇరిగితే ఇంగొకటి ఏసుకుంటా. మోటరు కాలితే మోటరు. గేర్ల పండ్లచక్రం అరిగితే పండ్లచక్రం. నీ అంగడి కారు ఆగిపోతే ఏం జేస్తారు?"

"పారేస్తారు" అన్నాను.

"అంతే తేడా. దీని ధరలో సగం మళ్లీ బాగుసేసుకునేదానికే."

రైలుకట్ట పక్క మైదానంలోకి పోయాం. "ఒకటి గుర్తుపెట్టుకో సిన్నాయనా. ముందు రిమోటు ఎయ్యాల, ఆనేక కారు. ఆపేటప్పుడు ముందు కారు, ఆనేక రిమోటు. కారు ఒంటిగా మేల్కొని ఉండకూడదు."

"ఉంటే?" అన్నాను.

"యాడ నుంచి ఏ కూత ఇనిపించినా పరిగెత్తుతుంది. నా రిమోటుకు ఒక నంబరు ఉండాది, దాని మాటే వింటుంది. నా రిమోటు నిద్రపోతే? నీ అంగడి రిమోట్లకు నంబరు పట్టింపు లేదు సిన్నమ్మా, పక్కనుండే వాళ్లందరి మీదా అరుస్తాయి. అదే ఇనేస్తుంది."

తర్వాత మీట లాగాడు. నేను కెవ్వుమన్నాను. అది నేల మీద పోతున్నట్టు లేదు. మైదానం ఆ చివర మేకలు చెదిరిపోయాయి. తిరిగి వచ్చి మా కాళ్ల ముందు దుమ్ము రేపి ఆగింది. ఆ తర్వాత వాడు నాలుగు గులకరాళ్లు వరుసగా పెట్టి, ఆ కారునే చీమ నడకన, ఒక్కో రాయి పక్కనుంచి వంకలు తిప్పుతూ నడిపాడు. ఏ రాయికీ తగల్లేదు. ఇందాక గాలిలా పోయినదీ, ఇదీ ఒకే కారంటే నమ్మలేకపోయాను.

"ఇదో సిన్నాయనా, పట్టు."

గంగప్ప చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు నాయనా. పగిలితే?"

"ఇప్పుడే గదా సూపిస్తి, ఇంగొకటి బిగిస్తాను."

"ఆవు ధర అంటాంది గదా మీ సిన్నమ్మ. ఆవు కాలు ఇరిగితే మళ్లీ బిగిస్తావా నువ్వు? వద్దు."

ఎంత బతిమాలినా ముట్టుకోలేదు. నా చౌక కారును ధైర్యంగా పట్టుకున్నాడు, అది అతన్ని ఓడించింది. ఇది గెలిపించేదేమో, ధర చూసి దీన్ని పట్టుకోనే లేదు. తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. వీకోట దాటాక అతనే మాట్లాడాడు.

"వదినా, తోలేవోడు ఎక్కకముందే ఇంజిను ఏసి ఇడిసిపెట్టినట్టు గదా అది?"

"ఏది?"

"అదే. కారు మేల్కొని, రిమోటు నిద్రపొయ్యేది."

ఊ అన్నాను. అతను మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

ఆయుధపూజ నాడు పుంగనూరులో మునిస్వామి షెడ్డు కళకళలాడిపోయింది. కడిగిన లారీకి అరటిపిలకలు, మామిడాకులు, బంతిపూల దండలు కట్టి వాకిలి మధ్యలో గేటు వైపు మొగం పెట్టి నిలబెట్టారు. నాలుగు నిమ్మకాయలు అప్పటికే చక్రాల ముందు పెట్టేశారు. షెడ్డు గోడ కింద గంగమ్మ పటం, దాని ముందు పలక మీద స్పానర్లు, జాకీ, లారీ తాళంచెవి. మా అక్క పోరు పడలేక సాయికుమార్ తన కారునూ తెచ్చాడు. అది కూడా బంతిదండ వేసుకుని ఆ వరుసలో కూర్చుంది. రిమోటు వేసి, కారు వేసి, దాని చిన్న దీపాలు వెలిగించాడు. "అమ్మోరికి దండం పెడతాండాదే!" అని ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

గంగప్పను కౌసల్యా నేనూ చెరో పక్కా ఉండి తెచ్చాం. "సూసేదానికి మాత్రమే" అన్నాడు. వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గిరిబాబు కొత్త చొక్కా వేసుకుని బండి చుట్టూ తిరుగుతున్నాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే నోరు ఎక్కువ.

మునిస్వామి భార్య సరస్వతమ్మకు పూజ అంటే పట్టింపు ఎక్కువ. ఒక్కో సామానునూ బట్టతో తుడిచి, చందనం రాసి, కుంకుమ పెట్టుకుంటూ వచ్చింది. సాయికుమార్ రిమోటును కూడా వదల్లేదు. పిడికి, చక్రానికి, పక్కన మీటకు, అన్నిటికీ చందనం వేళ్లతో రుద్దింది. మంగళారతి ఇచ్చి, "గుమ్మడికాయ కొట్టేదాకా ఎవురూ ఏదీ తాకొద్దు, సెప్తాండా" అని అందరికీ వినబడేలా అంది. సాయికుమార్, మునిస్వామి గుమ్మడికాయ తేవడానికి బయటి అంగడికి పోయారు.

గంగప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"వదినా, రిమోటు దీపం ఆరిపోయింది."

చూశాను. నిజమే, రిమోటు మీద ఎర్రదీపం లేదు. సరస్వతమ్మ వేలికింద స్విచ్చి జరిగిపోయినట్టుంది. కారు దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

"అక్కా, ఆ రిమోటు ఒకసారి..." అన్నాడు గంగప్ప.

"గమ్మునుండప్పా! పూజలో ఉండేదాన్ని ముట్టుకుంటారా? వాళ్లు వస్తాండారులే."

గంగప్ప వెనక్కి తగ్గాడు. అతని కళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. మునిస్వామి కూతురు రేఖ తన పసిబిడ్డను లారీ నీడలో చాప మీద పడుకోబెట్టి బొరుగులు పంచుతోంది.

అప్పుడు గిరిబాబు చేతిలో ఒక సంచితో వచ్చాడు. అందులో నుంచి నా అంగడి పసుపుకారు తీశాడు. ముందురోజు నా దగ్గరే కొన్నాడు, ఇంట్లో బిడ్డకేమో అనుకున్నాను.

"మామా! నీకు సరిపొయ్యే బండి తెచ్చినా. లారీ నేను తోలుకుంటా, ఇది నువ్వు తోలుకో."

కొందరు నవ్వారు. కౌసల్య మొగం ఎర్రబడింది. గంగప్ప ఆ కారును చూడలేదు, గిరిబాబు చేతిలో రిమోటును చూశాడు.

"రేయ్, అది నొక్కొద్దు."

"యాల మామా? దీనిక్కూడా భయమేనా?"

"నొక్కొద్దురా!"

గిరిబాబు నవ్వుతూ మీట ముందుకు తోశాడు.

పసుపుకారు కదిలింది. దానితోపాటు పలక మీది కారు కూడా ఉలిక్కిపడినట్టు లేచింది. లేచి, స్పానర్లు చిమ్మి, హారతి పళ్లేన్ని ఎగరగొట్టి, మెడలో బంతిదండతో సహా వాకిట్లోకి దూకింది. గంగమ్మ ముందున్నది తనంతట తాను లేచి పరిగెత్తడం చూసి ఒక ముసలామె చేతులెత్తి దండం పెట్టింది. పూర్తిగా, లేదంటే అస్సలు లేదు అన్న చౌక రిమోటు మాటకు ఆ ఖరీదు కారు పూర్తి వేగంతో పోతోంది. నీళ్ల డ్రమ్మును కొట్టి, తిరిగి, లారీ చుట్టూ గిరగిరా తిరిగింది. ఒక్కో చుట్టుకూ చాపకు దగ్గరవుతోంది. రేఖ చేతిలో బొరుగుల చేట పడిపోయింది. ఆమె చాప వైపు పరిగెత్తింది, కానీ లారీకి అవతలి పక్కన ఉంది.

గిరిబాబు బిగుసుకుపోయాడు. భయంతో అతని బొటనవేలు మీటను ఇంకా గట్టిగా నొక్కుతోంది.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. గోడకు ఆనుకున్న గంగప్ప పలక మీదికి వంగాడు. "తాకొద్దు!" అని సరస్వతమ్మ కేక. అతను కుంకుమ పూసిన రిమోటు తీసుకున్నాడు. చందనం తడికి వేలు ఒకసారి జారింది. రెండోసారి స్విచ్చి పడింది, ఎర్రదీపం వెలిగింది. అదే ఊపులో మోచేత్తో గిరిబాబు చేతి మీద కొట్టాడు. బొమ్మ రిమోటు ఎగిరి రాయి మీద పడి పగిలింది.

కారు అప్పటికే చాప అంచుకు సూటిగా వస్తోంది.

గంగప్ప ఆ చిన్న చక్రాన్ని తిప్పాడు. ఎక్కువ కాదు, రవ్వంత. నేను అతని వేళ్లనే చూశాను, కారును చూడలేకపోయాను. బిడ్డ కాళ్లకు జానెడు దూరంలో బంతిదండ రాసుకుంటూ కారు చాప అంచు దాటింది. లారీ రెండు చక్రాల మధ్య నుంచి లోపలికి దూరి, ముందు చక్రం దగ్గర బయటికొచ్చింది. గంగప్ప మీట మీది వేలు వదిలాడు. కారు నెమ్మదించి, అర చుట్టు వెనక్కి తిరిగి, ముందు చక్రానికి పోయి ఆనుకుని ఆగింది. దాని మూతికీ లారీ టైరుకూ మధ్య నిమ్మకాయ పగిలి రసం చిమ్మింది.

బిడ్డ ఏడవను కూడా లేదు. రేఖ ఎత్తుకుని గుండెకు హత్తుకుని తనే ఏడ్చింది.

గేటు దగ్గర గుమ్మడికాయతో మునిస్వామి, సాయికుమార్ నిలబడిపోయి ఉన్నారు. ఎంతవరకు చూశారో తెలియదు. మాట మొదట సరస్వతమ్మకే వచ్చింది.

"అయ్యో, అయ్యో! నిమ్మకాయ పగిలిపోయినాదే! గుమ్మడికాయ కొట్టనే లేదు, నిమ్మకాయ తొక్కేసినాదే!"

"అది బొమ్మమ్మా" అన్నాడు గిరిబాబు. "బొమ్మ తొక్కితే లెక్క గాదు."

"పూజ అందుకున్నాక బొమ్మేంది, బండేంది? అమ్మోరి ముందర నుంచే గదా లేసింది! నేనే గదా కుంకుమ పెడితి!" సరస్వతమ్మ మునిస్వామి వైపు తిరిగింది. "తొక్కించింది ఎవురో సూసినావు గదా. సెప్పు, మీ నాయన కట్టడి ఏమని సెప్తాది?"

మునిస్వామి గుమ్మడికాయను సాయికుమార్ చేతిలో పెట్టి, చెదిరిన స్పానర్ల మధ్య వెతికి లారీ తాళంచెవి తీసుకున్నాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని గంగప్ప ముందు నిలబడ్డాడు.

గంగప్ప దాన్ని చూడలేదు. తన చేతులను చూసుకుంటున్నాడు. రిమోటు ఇంకా చేతిలోనే ఉంది. వేళ్ల నిండా చందనం, కుంకుమ.

"వదినా, నేనే తిప్పినా" అన్నాడు.

"అవునప్పా. అందురూ సూసినాం."

"ఇప్పుడు గాదు." రిమోటు ఉన్న చెయ్యి నాకు చూపించాడు. "ఆ పొద్దు. సెయ్యి ఇట్లే పోయింది వదినా. ఇంతే, రవ్వంత. ఇదే సెయ్యి. ఆ పొద్దూ నేనే తిప్పినా."

కౌసల్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్ని నెలలు అతను భయపడింది స్టీరింగుకు అనుకున్నాం మేమంతా; అతను నమ్మలేకపోయింది తన చేతులనే.

సాయికుమార్ పోయి గుమ్మడికాయ కొట్టాడు. గంగప్ప రిమోటును పలక మీద మెల్లగా పెట్టాడు. తాళంచెవి తీసుకున్నాడు. లారీ ముందుకు పోయి వంగి, పగిలిన నిమ్మకాయను, దానికి ఆనుకున్న కారును చూశాడు. కారు ముందు కడ్డీ ఒకటి విరిగి వేలాడుతోంది. దాన్ని జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టాడు.

"ఇంగా మూడు ఉండాయి గదా" అన్నాడు మునిస్వామితో.

ఎక్కి కూర్చున్నాడు. ఇంజను వెంటనే వెయ్యలేదు. అద్దంలో నుంచి అతని మొగం కనిపిస్తోంది. తెల్లగా ఉంది, చెమట పట్టింది. ఒక్క క్షణం దిగిపోతాడేమో అనుకున్నాను, కౌసల్య గోళ్లు నా చేతిలో దిగాయి. గిరిబాబు పగిలిన రిమోటు ముక్కలు ఏరుకుంటూ తల దించుకునే ఉన్నాడు.

అంతలో గంగప్ప కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా కేకేశాడు. అంత గట్టి గొంతు విని ఎన్నాళ్లయిందో, మేమంతా అదిరిపడ్డాం.

"రేయ్ సాయీ! ఆ కారు ఇంగా మేల్కొనే ఉండాదప్పా! ముందు దాన్ని ఆపు, ఆనేక రిమోటు!"

సాయికుమార్ పరిగెత్తిపోయి కారు ఆపాడు. దాని చిన్న దీపాలు ఆరిపోయాయి. అప్పుడు లారీ ఇంజను మోగింది.